గంగమ్మకు వదలని నీళ్ళు

మా ఏడుకొండలు బాబాయి పెద్దకర్మ భోజనాల దగ్గర ఊరి పెద్దమనిషి ఒకాయన లేచి, బాబాయి ఎంత పుణ్యాత్ముడో చెప్పడం మొదలుపెట్టాడు. “ఎండాకాలం వస్తే మన వీధికి నీళ్ళు ఎవరు తెచ్చారు? ఎవరూ అడక్కుండా, ఎవరూ చెప్పకుండా, సైకిలేసుకుని చిలకలపూడి దాకా వెళ్ళి తెచ్చింది ఎవరు?” అన్నాడు. విస్తళ్ళ ముందు కూర్చున్న జనమంతా తలలూపారు. నేను చేతిలో ముద్ద విస్తట్లో పెట్టేశాను. “ఎవరూ చెప్పకుండా ఏంటండీ, చెప్పింది మా అమ్మ...” అని లేవబోతుంటే మా ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. పక్కన మజ్జిగన్నం కలుపుకుంటున్న అమ్మ, “పోనీవే, పోయినోడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోనీ” అంది. మంచి మాటలకి నాకేం అభ్యంతరం లేదు. బాబాయి మంచివాడే. కానీ పోయిన మగవాళ్ళకి పుణ్యం అంటగట్టే తొందరలో, ఆ పుణ్యం చేయించడానికి ఏ ఆడమనిషి ఎంత గొంతు చించుకుందో చెప్పడం అందరూ మర్చిపోతారు. అమ్మని తీసుకుని గుడివాడ తిరిగొచ్చాక కూడా నాకా మాట అరగలేదు. భోజనాల దగ్గర చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మా ఊరు బందరు నుంచి మంగినపూడి వెళ్ళే దారిలో, రోడ్డు దిగి ఇసకలో కాస్త నడిస్తే వస్తుంది. నాన్నా బాబాయీ సముద్రం మీద వేటకి వెళ్ళేవాళ్ళు. అమ్మ చేపలు ఎండబెట్టి బందరు బజారులో అమ్మేది. మా ఊళ్ళో ఎక్కడ తవ్వినా నీళ్ళు పడతాయి, తాగగలిగేవి మాత్రం అరుదు. వీధి మొత్తానికి మా పెరట్లో బావి ఒక్కటే తియ్యటిది. మా తాత తవ్వించి సిమెంటు వరలు దింపించిన చిన్న బావి. అది లేకముందు ఆడవాళ్ళు ఊరి చివర ఇసకదిబ్బల్లో ఉన్న చలమకి వెళ్ళేవాళ్ళు. చలమంటే బావి కాదు, ఇసకలో తవ్విన గుంట. అందులో ఊరే నీళ్ళని కొబ్బరిచిప్పతో తోడి బిందెలో పోసుకోవాలి. ఎండాకాలంలో ఆ ఊట ఎంత సన్నగా వచ్చేదంటే, ఒక్క బిందె నిండేలోపు వెనకాల నిలబడ్డవాళ్ళు పేలు చూసుకోవడం, పోట్లాడుకోవడం, మళ్ళీ కలిసిపోవడం కూడా అయిపోయేవి. అమ్మ కాపురానికొచ్చిన కొత్తలో ఆ నీళ్ళు మోసింది. ఇప్పటికీ ఆమె మెడ ఒక పక్కకి పూర్తిగా తిరగదు.

ఆ వేసవిలో నా పదో తరగతి ఫలితాలొచ్చాయి. ఫస్టు క్లాసు. బందరు కాలేజీలో ఇంటర్మీడియట్‌కి సీటు కూడా వచ్చింది. నాన్న కాదనలేదు, సరేననలేదు. “ఇంట్లో పని ఆగకుండా వెళ్తానంటే వెళ్ళమను” అన్నాడు. మగవాళ్ళు చదువుకి అడ్డం చెప్పకుండా అడ్డం పడే పద్ధతుల్లో ఇదొకటి. ఇంట్లో పనంటే ముందు నీళ్ళు. మామ్మకి మోకాళ్ళు వంగవు, అమ్మ పొద్దున్నే బజారుకి వెళ్ళిపోతుంది, ఇక మిగిలింది నేను. బావి పెరట్లోనే ఉంది కాబట్టి తెల్లవారకముందే తోడిపోసి పొద్దుటి బస్సు అందుకోవచ్చు. చలమకి వెళ్ళాల్సొస్తే పూటంతా అక్కడే గడిచిపోతుంది. బావి ఉంటే నాకు కాలేజీ ఉంది. అందుకే ఆ ఎండాకాలమంతా రోజూ బావిలోకి తొంగిచూసేదాన్ని. నీళ్ళు ఒక వర దిగితే నా గుండె కూడా ఒక వర దిగేది.

బావిని ఏటా ఆ రోజుల్లోనే శుభ్రం చేసేవాళ్ళు. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేసేవాళ్ళు గనక మగవాళ్ళు ఊళ్ళోనే ఉండేవారు. వలలు బాగు చేసుకోవడం, పడవకి పగుళ్ళు పూడ్చడం, పాకల మీద తాటాకు మార్చడం, అన్ని పనులూ ఆ ఎండల్లోనే మీద పడేవి. బావి పని వచ్చిన రోజు వీధి మొత్తం చేదలు పట్టుకుని వచ్చేది. ఒకరు తోడితే ఇంకొకరు అందుకుని పారబోసేవారు. మధ్యలో ఎవరో ఒకరు తాటిముంజలు తెచ్చి కొట్టి ఇచ్చేవాళ్ళు. బురదా ఆకులూ తీసి, వరలు కొబ్బరిపీచుతో తోమి, చివర్న పసుపూ కుంకుమా వేసేవాళ్ళు. ఒక్కటే కట్టుబాటు. బావిని ఎప్పుడూ అడుగంటా తోడకూడదు. మోకాలి లోతు నీళ్ళు గంగమ్మకి వదిలెయ్యాలి. బావి అడుగు చూస్తే గంగమ్మ సిగ్గుపడి లేచి వెళ్ళిపోతుందని మామ్మ చెప్పేది. ఆ మాట తప్పకుండా చూసేది కూడా మామ్మే. మోకాళ్ళ నొప్పులతో గట్టు మీద కూర్చుని, చుట్ట కాలుస్తూ, “ఇంక చాలు, ఆపండ్రా!” అని కేకేసేది. ఆ కేకతో చేదలు ఆగిపోయేవి.

ఆ రోజు పొద్దున అమ్మ మామూలుగానే చీకటితో లేచి, వాకిట్లో పేడనీళ్ళు చల్లి, వేట ఆగకముందు ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు గంపకెత్తింది. ఇసక మీద పరిచిన పాత వలలో, చెమ్మ పట్టాయని మళ్ళీ ఎండకి వేసిన నిల్వ చేపలు ఉన్నాయి. “మధ్యాన్నం తిరగెయ్యి. కాకుల్ని చూస్తుండు. బావి పని మీ నాన్నావాళ్ళు చూసుకుంటారు, నువ్వు మధ్యలో నోరు పెట్టకు” అని నాకు చెప్పి బస్సుకి వెళ్ళిపోయింది. నోరు పెట్టొద్దని నాకు చెప్పి వెళ్ళడం అప్పటికే ఆమెకి అలవాటు.

ఎండ ఇంకా ముదరకముందే బాబాయి వచ్చాడు. వెనకాల రిక్షా మీద ఆయిలింజను. అప్పట్లో మా చుట్టుపక్కల పొలాలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. వేట లేనప్పుడు బాబాయి వాటి దగ్గర ఇంజన్లు నడిపేవాడు. చెరువులకి జబ్బొచ్చి కొన్ని ఎండగట్టేశారు, అలా ఖాళీగా పడున్న ఇంజన్ని అడిగి తెచ్చాడు. పెళ్ళి ఊరేగింపులా దాని వెనక సగం ఊరు నడిచొచ్చింది.

“చేదలతో ఎన్నాళ్ళు తోడతాం అన్నయ్యా? ఇది పడితే చెరువే ఎండుద్ది, ఇదో బావా?” అన్నాడు బాబాయి.

నాన్న వల మీంచి తలెత్తకుండానే, “నెమ్మదిగా పట్టు. గంగమ్మ నీళ్ళు వదిలెయ్యి” అన్నాడు.

అక్కడితో ఆగితే ఏ గొడవా ఉండకపోను. కానీ ఎదురింటి వెంకాయమ్మ అప్పుడే చెంబు సంగతి ఎత్తింది. ఈ చెంబు గురించి చెప్పాలి. మా మేనత్త పెళ్ళికి మామ్మ వెంకాయమ్మ దగ్గర రాగిచెంబు అరువు తెచ్చింది. పెళ్ళయ్యాక అది కనబడలేదు. ఎవరో బావిలో జారవిడిచారని మామ్మ అంది. కాదు, నువ్వే దాచావని వెంకాయమ్మ అంది. నేను పుట్టక ముందు జరిగిన ఆ పెళ్ళిలో పప్పన్నం ఎలా ఉందో ఎవరికీ గుర్తు లేదు, చెంబు మాత్రం వీధి వీధంతటికీ గుర్తుంది. ఇద్దరూ కలిసి చుట్టలు కాలుస్తారు, కలిసి గుడికి వెళ్తారు, ఏ చిన్న మాట తేడా వచ్చినా చెంబు దగ్గరికే వచ్చి ఆగుతారు.

“ఇంజను తెచ్చినా, ఓడ తెచ్చినా నా చెంబు ఆ బావిలో ఉండదులే వదినా. మీ అటక మీద వెతుక్కోండి” అంది వెంకాయమ్మ. నవ్వుతూనే అంది.

మామ్మ చుట్ట తీసి పక్కన పెట్టింది. “ఒరే ఏడుకొండలూ, ఆ ఇంజను అడుగు దాకా లాగుద్దా?”

“ఇసక కూడా లాగుద్దమ్మా.”

“అయితే లాగు. నాకు అడుగు కనబడాలి.”

“మామ్మా, గంగమ్మ నీళ్ళు వదలాలి కదా?” అన్నాను.

“గంగమ్మకి నేను చెప్పుకుంటాలే. ఆవిడా ఆడదే, దొంగతనం అంటగడితే ఎట్టా ఉంటదో ఆవిడకీ తెలుసు. నేను దొంగదాన్ననే పేరుతో చావాలంటే ఎట్టాగే?”

“నీళ్ళు పోతే?”

“ఎక్కడికి పోతాయే? సముద్రం పక్కన కూర్చుని నీళ్ళు పోతాయని ఏడుస్తుంది! ఇది కాలేజీకెళ్ళి ఏం చదువుద్దిరా?” అని మామ్మ అనగానే అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు. నేను నాన్న దగ్గరికెళ్ళి, “నువ్వైనా చెప్పు” అన్నాను. నాన్న వల సూది ఆపి తల్లి వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు, మళ్ళీ వల వైపు చూశాడు. సముద్రం మీద ఎంత గాలికైనా బెదరని మనిషి, తల్లికి ఎదురు చెప్పాల్సి వస్తే మాత్రం అప్పుడే వల చిరిగినట్టు కుట్టుకుంటూ కూర్చునేవాడు.

ఇంజను పట్టింది. డీజిలు కంపూ, చెవులు చిల్లులు పడే మోతా. లావాటి గొట్టంలోంచి నీళ్ళు పెరట్లో కాలవ కట్టాయి. వీధిలో ఆడవాళ్ళు బిందెలూ గాబులూ ముందే నింపుకున్నారు. పిల్లలు ఆ నీళ్ళలో పడి దొర్లారు. నేను మాత్రం గొట్టం దగ్గర దోసిలి పట్టి తాగుతూ కూర్చున్నాను. మొదట తియ్యగా ఉన్నాయి. వెళ్ళి చేపలు తిరగేసి వచ్చి మళ్ళీ తాగాను. తియ్యగానే ఉన్నాయి. కాకిని తోలి వచ్చి తాగాను. బురద వాసన వేసింది కానీ పర్లేదనిపించింది. వరలు ఒక్కొక్కటే బయటపడుతున్నాయి, ఎవరూ ఎప్పుడూ చూడని వరలు, నాచు పట్టి నల్లగా. మోకాలి లోతు దాకా వచ్చినప్పుడు అలవాటుగా అందరూ మామ్మ వైపు చూశారు. ఆ కేక వస్తుందని నేనూ చూశాను. రాలేదు. ఆ తర్వాత తాగినప్పుడు నాలుక చివర ఏదో సన్నగా తగిలింది. తగిలిందా, భయంతో అలా అనిపించిందా, నాకే తెలియలేదు.

అడుగు కనబడింది. బాబాయి తాడు పట్టుకుని దిగాడు. బురదలోంచి ఒక్కొక్కటే పైకి పంపాడు. సొట్టలు పడ్డ బిందె, చేదలు ఎత్తే కొక్కెం, ఎవరిదో చిలకలపూడి గిల్టు గాజు, చివరికి చిలుం పట్టి పచ్చబడ్డ చెంబు. వెంకాయమ్మ దాన్ని కొంగుతో తుడిచి, అడుగున కొట్టించుకున్న పేరు చూసుకుంది. దాన్ని మామ్మ చేతిలో పెట్టింది. మామ్మ అయితే లేచి నిలబడింది. మోకాళ్ళు వంగవన్న మనిషి వీధి ఆ చివర్నించి ఈ చివరిదాకా చెంబు పట్టుకుని తిరిగొచ్చింది. “చూడండమ్మా, చూడండి. ఎవరింటి అటక మీదుందో చూడండి!” వెంకాయమ్మ ఆ వెనకాలే నడుస్తూ, “తప్పే వదినా, లెంపలేసుకున్నాగా, ఇంక ఆపు” అని బతిమాలింది. నవ్వులే నవ్వులు. నాకొక్కదానికే నవ్వు రాలేదు. నేను బావి గట్టు మీద వంగి, ఊట ఎలా వస్తోందో చూస్తున్నాను.

నీళ్ళు తొందరగానే ఊరాయి, తేటగా కూడా ఉన్నాయి. చేద వేసి తాగాను. అనుమానం లేదు. “ఉప్పు” అన్నాను.

నాన్న తాగి, ఏం లేదన్నాడు. నోట్లో ఖైనీ. బాబాయి తాగి అమృతమన్నాడు. పొద్దున తాగిన తాటికల్లు ఇంకా దిగలేదు. మామ్మ చుట్ట నోటికి ఏదైనా ఒకటే. వెంకాయమ్మ తాంబూలం ఉమ్మి తాగి, “కాస్త బరువుగా ఉన్నాయేమో” అని ఊరుకుంది. చెంబు విషయంలో ఓడిపోయిన మనిషి, ఆ పూట ఇంకేం అనగలదు? “చదువుకున్న నోరు కదా, మన నీళ్ళు ఆనవు” అన్నాడు బాబాయి నన్ను. నేనేదో అన్నాను, నాన్న గదమాయించాడు. ఇప్పుడు మా స్కూల్లో పిల్లలకి గాజు గ్లాసులో చేసి చూపిస్తుంటాను. ఉప్పునీళ్ళు బరువు, అడుగున ఉంటాయి. మంచినీళ్ళు తేలిక, పైన తేలతాయి. మెల్లగా తీసుకుంటే పైవే వస్తాయి, బలంగా ఒక్కసారే లాగితే కిందవి పైకెక్కుతాయి. మా సముద్రపు ఒడ్డున నేల కింద ఉన్నదీ అదే. ఆ మోకాలి లోతు నీళ్ళే ఉప్పుకి అడ్డం పడేవి. దాన్ని గంగమ్మ వాటా అన్నారు మావాళ్ళు. పేరు ఏదైతేనేం, వదలాల్సింది.

సాయంత్రం అమ్మ వచ్చింది. గంప దించి, కాళ్ళు కడుక్కోబోతూ పెరట్లో మడుగు చూసింది, గొట్టం చూసింది, నా మొహం చూసింది. చేద వేసి తోడి, నోట్లో పోసుకోకుండా తిన్నగా వంటింట్లోకి తీసుకెళ్ళింది. “నా నోరూ ఉప్పుచేపల నోరే, నా మాటా నమ్మరు” అని ఆ నీళ్ళతో కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదని మా ఊళ్ళో అందరికీ తెలుసు. పొయ్యి ముందు అమ్మా నేనూ కూర్చున్నాం. పుల్లలు ఎగదోస్తూనే ఉన్నాం. గుమ్మం అవతల అరుగు మీద మగవాళ్ళు, మంచం మీద మామ్మ, అందరూ పొయ్యి వైపే చూస్తున్నారు. ఎప్పుడూ మెత్తబడే వేళ దాటిపోయింది. అన్నం ఉడికి దించేశాం. అమ్మ గరిటెతో నాలుగు బద్దలు తీసి వేళ్ళ మధ్య నొక్కింది. నలగలేదు. ఇంకాసేపు చూసి పప్పుగుత్తి పెట్టి మెదిపింది. గుత్తి కింద పప్పు ఇసకరాళ్ళలా తిరిగింది.

అమ్మ ఆ గిన్నె పట్టుకొచ్చి అరుగు మీద నాన్న ముందు పెట్టింది.

మామ్మ గిన్నెలోకి తొంగిచూసి, “సరే, అయిందేదో అయింది. వానలు పడితే అదే సర్దుకుంటది. అందాకా చలమ ఉంది. పిల్ల ఉందిగా, తెస్తది” అంది.

పొద్దుట్నించీ నేను వింటానని భయపడుతున్న మాట అదే. నా కాలేజీ మొత్తం ఆ ఒక్క మాటలో మునిగిపోయింది.

“పిల్ల లేదు” అంది అమ్మ. “పిల్ల కాలేజీకి వెళ్తుంది.”

“మరి నీళ్ళెవరు తెస్తారే?” అన్నాడు నాన్న.

“ఇంజను ఎవరు తెచ్చారో వాళ్ళు తెస్తారు.”

బాబాయి లేచి నిలబడ్డాడు. “వదినా, మగాణ్ణి నేను బిందె నెత్తినెట్టుకుంటానా?”

“నెత్తినెవరు పెట్టుకోమన్నారు? నీకు సైకిలుందిగా. డబ్బాలు కట్టుకో. తొక్కితే మోసినట్టు కాదులే, నీ మగతనం ఎక్కడికీ పోదు.”

“నీళ్ళకి మగాళ్ళని పంపడం మన ఇంటా వంటా ఉందా?” అంది మామ్మ.

“బావి అడుగు చూడటం ఉందా అత్తా మన ఇంటా వంటా?” అంది అమ్మ. అప్పటిదాకా గొంతు పెంచలేదు. ఇక అక్కణ్ణుంచి మొదలుపెట్టింది చూడండి, వీధి వాళ్ళందరూ తలుపుల్లోకి వచ్చేశారు. చలమ దగ్గర ఎండిపోయిన తన వయసు, తిరగని మెడ, తెల్లారితే మోసే గంప, అన్నీ ఒక్కొక్కటే ఆ ఉడకని పప్పు పక్కన పెట్టింది. బాబాయి చివరికి, “తెస్తాలే వదినా, ఊరుకో” అన్నాడు. మా పెద్దమనిషి చెప్పిన “ఎవరూ చెప్పకుండా” వెనక ఉన్న సంగతి ఇదీ.

తెస్తానన్నాడు గానీ, తెచ్చాడా? మొదటిరోజు చలమకే వెళ్ళాడు. అక్కడ ఆడవాళ్ళు, “ఏం మరిదీ, బొట్టు పెట్టుకోవడం మర్చిపోయొచ్చావే?” అని ఏడిపించారు. ఖాళీ డబ్బాలతో తిరిగొచ్చి రెండ్రోజులు మొహం చూపించలేదు. తర్వాత తనని ఎవరూ ఎరగని చిలకలపూడికి, బందరు పక్కన కుళాయిల దగ్గరికి, అంత దూరం తొక్కడం మొదలుపెట్టాడు. మా ఇంటికి తెచ్చిన ఆ డబ్బాలే తర్వాత ఊరి నోట వీధి మొత్తానివయ్యాయి. ఒకరోజు తెస్తే ఒకరోజు ఎగ్గొట్టేవాడు. తేని రోజు నేనే చలమకి వెళ్ళేదాన్ని. వెనకాల మంగినపూడి బస్సు హారను వినబడేది. నేనింకా కొబ్బరిచిప్పతో తోడుతూనే ఉండేదాన్ని. నాన్న చూస్తుండేవాడు. ఇలాగైతే ఇంక కాలేజీ ఎక్కడిదని ఆ చూపుకి అర్థం.

ఇప్పుడు మా ఊళ్ళో ఆటో మీద నీళ్ళ క్యాన్లు వస్తాయి, పాట పెట్టుకుని మరీ వస్తాయి. గుడివాడలో మా ఇంటికీ అదే వస్తుంది. ఎవరూ రుచి చూడరు, మూత తీసి వంచుకుంటారు. “ఆ రోజులే బాగుండేవి, అందరం ఒకే బావి నీళ్ళు తాగేవాళ్ళం” అని మొన్న భోజనాల దగ్గర కూడా ఎవరో అన్నారు. అలా అనేవాళ్ళని పట్టి చూడండి, ఒక్కరూ బిందె మోసినవాళ్ళు ఉండరు. నాకు క్యానే బాగుంది. ఒక్కటి మాత్రం ఒప్పుకుంటాను. అప్పుడు నీళ్ళు పాడైతే ఎవరు పాడుచేశారో వీధి మొత్తానికి తెలిసేది, వాళ్ళని అరుగు మీద నిలబెట్టి అడగడానికి మా అమ్మ ఉండేది. ఇప్పుడు మా జిల్లాలో కింద నేలంతా ఉప్పెక్కుతోందని చదువుతుంటాను. ఆ పప్పుగిన్నె ఎవరి ముందు పెట్టాలో మాత్రం తెలియదు.

కాలేజీ తెరిచే రోజు పొద్దున ఇంట్లో చుక్క నీళ్ళు లేవు. బాబాయి చీకటితో వెళ్ళాడన్నారు, రాలేదు. నేను ఓణీ వేసుకుని, పుస్తకాలు పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. నాన్న, “ఈపూటకి ఆగిపో, రేపు వెళ్దువులే” అన్నాడు. ఈపూటకి ఆగినవాళ్ళు ఎంతమంది రేపు వెళ్ళారో నాకు తెలుసు, నాకంటే ముందు పదో తరగతి చదివినవాళ్ళు వీధికొకరు ఉన్నారు. అమ్మ గంప దించి బిందె తీసుకుంది. “నేనెళ్తా చలమకి. ఇవాళ బజారు లేకపోతే కొంపలేం మునగవు” అంది. చేపలు ఆ పూట అమ్ముకోకపోతే ఏమవుతుందో ఆమెకి తెలియక కాదు. నేను కదల్లేదు, కదలలేకపోయాను. అంతలో ఇసకలో సైకిలు నడిపించుకుంటూ బాబాయి వచ్చాడు. రెండు పక్కలా డబ్బాలు, చొక్కా మొత్తం చెమట. చెయిను తెగిందట, అంత దూరం తోసుకుంటూనే వచ్చాడు. నా వైపు చూడకుండానే, “బస్సు మలుపు దగ్గరుంది. నిలబడి చూస్తారేంటి ఇద్దరూ?” అని అరిచాడు.

అమ్మా నేనూ పరిగెత్తాం. గంప పట్టుకుని ఆమె, పుస్తకాలు పట్టుకుని నేను. బస్సులో సీటు దొరకలేదు. గంప కాళ్ళ దగ్గర పెట్టుకుని అమ్మ నా పక్కనే నిలబడింది. ఎండుచేపల వాసనకి ముందు సీటులో ఒకావిడ ముక్కు మూసుకుంటే, అమ్మ ఆవిడ వైపు ఒక్క చూపు చూసింది, ఆవిడ చెయ్యి దించేసింది. రోజూ ఎక్కే బస్సే కాబట్టి కండక్టరు అడక్కుండానే టిక్కెట్టు చింపబోయాడు.

“బజారుకొకటి, కాలేజీకొకటి” అంది అమ్మ, బస్సంతా వినబడేలా.

“రెండూ బస్టాండుకేనమ్మా. ఒకటే టిక్కెట్టు మీద ఇద్దరికీ కొట్టేస్తాను.”

“వద్దు, విడివిడిగా చింపు” అంది. చింపిందాకా అతన్ని కదలనివ్వలేదు.